జపాను దేశపు చిల్లర నాణెములు, చిన్న అంగళ్లు

పరదేశములు చూచి వచ్చినవారు సాధారణముగా అచ్చటి మేడలను, రైళ్లను గూర్చి చెప్పుదురు. ఈ పత్రిక చదువరులు రైతులు గనుక నేను జపాను దేశపు చిల్లర డబ్బును, చిన్న దుకాణములను గూర్చి వ్రాయదలచితిని. రైతు పండించిన సరుకు తుదకు ఏ నాణెముగా మారి, ఎవరి చేతి మీదుగా, ఎంత తరుగుతో అతని యింటికి చేరుచున్నదో చిన్న అంగడి గడపలో తెలిసినంత స్పష్టముగా పెద్ద కార్యాలయములలో తెలియదు. వరినాట్లు చూచుటకై నేను 2025వ సంవత్సరము మే మాసమున ఆ దేశమునకు పోయితిని. నాటు యంత్రముల సంగతి వేరొక సంచికలో విన్నవింతును. ఇవి సంచి చేత బట్టుకొని వీధులలోను, పల్లె బాటలలోను తిరిగినప్పుడు చూచిన సంగతులు.

అచ్చటి నాణ్యమునకు యెను అని పేరు. ఇది 1871వ సంవత్సరమున ఏర్పడినది. పూర్వము యెనునకు నూరు సెన్నులు లెక్క. ఆ సెన్నులు 1953వ సంవత్సరాంతముతో చెల్లుబాటు తప్పినవి. ఇప్పుడు 1, 5, 10, 50, 100, 500 యెనుల నాణెములు ఆరు గలవు. నేను పోయిన నాటికి 100 యెనులు మన 58, 60 రూపాయల మధ్య నుండెను. రైతు సోదరులు క్రింది లెక్కలన్నియు ఈ మారకముతోనే పోల్చుకొనవలెను.

ఒక యెను నాణెము అల్యూమినియముతో చేసినది. సరిగా ఒక గ్రాము తూగును. తూనికరాయి చాలనిచోట దీనినే వేసి తూచవచ్చును. దీనిపై మొలచుచున్న లేత చెట్టుబొమ్మ యున్నది. ఐదు యెనుల నాణెము నాకు మిక్కిలి నచ్చినది. పసుపుపచ్చని యిత్తడి, నడుమ రంధ్రము. ఆ రంధ్రము చుట్టును పండ్లచక్రము, దాని క్రింద నీటి గీతలు, పైన బరువునకు వంగిన వరి వెన్ను చెక్కియున్నారు. చక్రము పరిశ్రమకు, నీరు చేపల పట్టునకు, వెన్ను సేద్యమునకు గుర్తులు. రాజుల తలలకు మారుగా వరి వెన్నును నాణెముపై నిలిపిన దేశమును చూచి రైతు బిడ్డనైన నాకు సంతోషము గలుగుట సహజమే గదా! అన్ని నాణెములపైనను అంకె యుండును గాని దీనిపై మాత్రము లేదు. వెల వారి లిపిలోనే యున్నది. కావున క్రొత్తగా వచ్చిన పరదేశి అంగడిలో తడబడునది దీనితోనే. యాబది యెనుల నాణెమునకు సైతము నడుమ రంధ్రము కలదు. మన దేశమున 1943 మొదలు 1947 వరకు పోసిన రాగి కానీకి ఇట్టి రంధ్రమే యుండెడిది. దానిని చిల్లు కానీ యనెడివారని మా తాతగారు చెప్పగా వింటిని.

నోట్లు మూడు 2024 జూలై 3వ తేదీన మారినవి. పదివేల యెనుల నోటుపై బ్యాంకులను, కంపెనీలను స్థాపించిన షిబుసవా, ఐదువేల నోటుపై స్త్రీవిద్యకు పాటుపడిన త్సుదా ఉమెకో, వేయి యెనుల నోటుపై కితసాతో అను వైద్యుడును ఉన్నారు. ధనుర్వాతపు క్రిమిని 1889లో వేరుచేసి పెంచినవాడీ కితసాతోయే. పార తగిలినప్పుడు మనము ఆసుపత్రికి పోయి వేయించుకొను సూదిమందు వెనుక ఆయన కృషి యున్నది. ఈ క్రొత్త నోట్ల వలన చిన్న దుకాణదారులకు కొంత కష్టము కలిగినది. అచ్చట సేమియా వంటి నూడిల్సు అమ్ము చిన్న హోటళ్లలో వాకిటనే టిక్కెట్టు యంత్రముండును. డబ్బు అందులో వేసి, చీటీ తీసికొని లోపలికి పోవలెను. క్రొత్త నోటును ఆ యంత్రము గుర్తింపదు; యంత్రమునకు మరమ్మతో, మార్పో తప్పలేదు. ఆ ఖర్చు రాబట్టుటకు ఎన్ని గిన్నెల నూడిల్సు అమ్మవలెనో పెద్ద కంపెనీవాడు లెక్క చూడడు, చిన్నవాడు చూచును.

ఇక అంగడిలో డబ్బు చెల్లించు తీరు. కొనువాడు డబ్బు అమ్మువాని చేతిలో పెట్టడు. బల్లపై నొక చిన్న పళ్లెము ఉండును, అందులో నుంచవలెను. అమ్మువాడు దానిని పైకి లెక్కించి, చిల్లరను మరల మన యెదుట లెక్కించి యిచ్చును. బేరమాడుట లేదు. పై బహుమానము లేదు. హోటలు బల్లపై నాలుగు నాణెములు విడిచి పోయినచో పనివాడు వెంట పరుగెత్తుకొని వచ్చి తిరిగి యిచ్చును. ఒకే రకపు నాణెములు ఇరువదికి మించి యిచ్చినచో పుచ్చుకొనుటకు అంగడివాడు నిరాకరింపవచ్చునని వారి చట్టము.

వీధి మొగలలో రేయింబవళ్లు తెరచియుండు చిన్న అంగళ్లను వారు కొంబిని యందురు. 1974 మే మాసమున తోక్యో నగరపు తొయోసు పేటలో ‘సెవెన్ ఎలెవెన్’ వారి మొదటి అంగడి వెలసినది. నేడు ఇట్టివి దేశమున యాబదివేలకు మించియున్నవి. అన్నపు ముద్దలు, పాలు, కలములు మొదలుకొని కరెంటు బిల్లు కట్టుట, పార్సెలు పంపుట వరకు అన్నియు నచ్చటనే. అచ్చటి అమ్మకపు పన్నొక చిత్రము. ఈ పన్ను 1989లో నూటికి మూడుగా మొదలై, ఐదై, ఎనిమిదియై, 2019 అక్టోబరు నుండి పది అయినది. ఆహార పదార్థములకు మాత్రము ఎనిమిదే నిలిపిరి. కావున ఒకే రొట్టెను చేత బట్టుకొని బయటకు పోయినచో నూటికి ఎనిమిది, ఆ అంగడిలోనే బల్లపై కూర్చుండి తిన్నచో పది! కూర్చున్నందుకు రెండు. మన గుమాస్తాలు కూడ ఇంత సూక్ష్మముగా ఆలోచింపలేదని నేను నవ్వుకొంటిని. ఒక్కొక్క యెను నాణెము జేబులో గలగలలాడుట ఈ పన్ను వచ్చిన తరువాత హెచ్చినదని చెప్పుదురు.

నేను పోయిన మాసమున ఏ అంగడిలోనైనను ప్రజలు మొదట చూచునది బియ్యపు ధర. ఐదు కిలోగ్రాముల బియ్యపు సంచి 4,200 యెనులు దాటియుండెను. అనగా మన లెక్కకు కిలో ఇంచుమించు 500 రూపాయలు. అంతకు ముందు సంవత్సరము ఇందులో సగము మాత్రమే. 2023 నాటి యెండలకు ధాన్యపు నాణ్యము చెడుట, 2024 ఆగస్టులో పెద్ద భూకంపము రావచ్చునని ప్రభుత్వము హెచ్చరింపగా ప్రజలు బియ్యము కొని దాచుకొనుట, ఏనాటి నుండియో వరి విస్తీర్ణమును తగ్గించుచు వచ్చిన విధానము, ఇన్నియు కలిసి ఆ స్థితి తెచ్చినవి. 1970 ప్రాంతమున మొదలైన ఆ తగ్గింపు 2018లో పేరునకు ముగిసినను, నాగలి విడిచినవారు మరల పొలములోనికి రాలేదు. సేద్యమే వృత్తిగా నున్నవారి సగటు వయస్సు 2024లో 69 సంవత్సరములు.

ఈ సమయముననే సేద్యశాఖామాత్యులైన ఎతో గారు ఒక సభలో, తామెన్నడును బియ్యము కొనలేదనియు, అభిమానులిచ్చిన బియ్యము ఇంట అమ్ముకొనునంత యున్నదనియు సెలవిచ్చిరి. ప్రజలు మండిపడిరి. మే 21వ తేదీన ఆయన పదవి విడువవలసి వచ్చెను. తరువాత వచ్చిన మంత్రి ప్రభుత్వపు గాదెలలోని పాత బియ్యమును ఐదు కిలోలు 2,000 యెనుల ప్రాంతమున అమ్మించగా, అంగళ్ల ముందు తెల్లవారకమునుపే బారులు తీరిరి.

పట్టణవాసి కష్టము ఇది. పల్లెలో రైతు చెప్పిన మాట వేరు. ప్రభుత్వపు లెక్కలలోనే, 2021, 2022 సంవత్సరములలో సగటున ఒక వరి రైతు కుటుంబమునకు ఖర్చులు పోగా ఏడాదికి మిగిలినది పదివేల యెనుల ప్రాంతము. పనిచేసిన గంటలతో భాగించినచో గంటకు పది యెనులు. పది యెనుల నాణెము రాగి రంగుది. దానిపై ఉజి పట్టణమునందలి ప్రాచీన బౌద్ధాలయపు బొమ్మ యుండును. గంటసేపు బురదలో నిలిచినవానికి ఆ ఒక్క నాణెము! 2025 మార్చి 30వ తేదీన రైతులు తోక్యో నడివీధులలో ట్రాక్టర్లు నడుపుకొని పోయి ఈ సంగతినే మొర పెట్టుకొనిరి. ధర రెట్టింపైనప్పుడు అరచినవారు, గంటకు పది యెనులు దక్కిన నాడు ఏల పలుకలేదని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు నగరమున నాకు జవాబు చెప్పగలవారు కనబడలేదు.

మనిషి లేని అంగడి

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. జపాను పల్లెలలో బాట ప్రక్కన కొయ్యతో చేసిన చిన్న పందిరి, రెండు మూడు బల్లలు, వానిపై కూరగాయల సంచులు, ఒక మూలకు తాళము వేసిన డబ్బు పెట్టె కనబడును. అమ్మువాడుండడు. వారి భాషలో దీనిని ముజిన్ హంబాయి, అనగా మనిషి లేని అమ్మకము అందురు. దారిన పోవువాడు సంచి తీసికొని, పెట్టెలో నాణెము వేసి పోవును. నేను చూచిన దినములలో క్రొత్త ఉల్లి, పచ్చి బఠాణీ, వెదురు మొలకలు, ఆకుకూరలు బల్లలపై నుండెను.

ఇది చూచినవారెల్లరు వెంటనే, ఆ దేశమువారు సత్యసంధులు, మనకది సాధ్యము గాదు అని తీర్మానించి ఊరకుందురు. నేనంత సులభముగా తీర్మానింపను. మొదట, పెట్టె ప్రక్కన ఏమున్నదో చూడవలెను. కొన్ని పందిళ్లకు కెమెరా కట్టియున్నారు. కొన్నింట దొంగిలింపవద్దని, పోలీసులకు తెలుపుదుమని పలక వ్రేలాడదీసిరి. మరికొన్ని చోట్ల కొయ్యబల్లలు తీసివేసి గాజు తలుపుల అరలు పెట్టిరి. నాణెము వేసిననే తలుపు తెరచుకొనును. అనగా దొంగలు అచ్చటను గలరు. అయినను ఈ పద్ధతి నిలిచియున్నది. నిలుచుటకు కారణము సత్యసంధత యొక్కటే గాదు, లెక్క కూడ.

ఆ లెక్క యిట్టిది. ప్రతి సంచి వెల 100 యెనులు, ఒకే నాణెము. తూచుట లేదు, చిల్లర యిచ్చుట లేదు. చిల్లర అక్కరలేదు గనుకనే మనిషి అక్కరలేదు. పంట విరివిగా వచ్చిన వారమున రైతు వెల తగ్గింపడు. సంచిలో దోసకాయలు హెచ్చుగా వేయును. పంట తగ్గినప్పుడు కాయలు తగ్గించును. వెల నాణెముతో కట్టుబడి యున్నది, సరుకే హెచ్చి తగ్గుచుండును. ఇక, ఈ బల్లలపై పెట్టునది చాలవరకు సంతకు పనికిరాని సరుకు: వంకర దోసకాయ, మచ్చపడిన వంకాయ, పెట్టె కొలతకు మించిన ముల్లంగి. వ్యాపారి తీసికొననిది, పెంటలో పడవలసినది. అందులో పది సంచులకు ఒకటి దొంగ పాలైనను తొమ్మిది నాణెములు రైతువే. కాపలాకు మనిషిని నిలిపినచో ఆ తొమ్మిదియు వాని కూలికి చాలవు. ఇది విశ్వాసమా, గణితమా యని నన్నడిగినచో, రెండును చేయి చేయి పట్టుకొని యున్నవని చెప్పుదును. మేము చదివిన మిషను పాఠశాలలో పంట పండుగనాడు రైతులు తెచ్చిన గుమ్మడికాయలను, అరటి గెలలను వేలము వేసెడివారు. అచ్చట కానుక యన్న భావముండుట చేత వెల బజారు వెలను మించెడిది. జపాను బల్లపై ఆ భావము లేదు. అది కేవలము అమ్మకమే. ఈ భేదమును గుర్తింపవలెను.

ఈ పెట్టెలకు క్రొత్త చిక్కొకటి వచ్చినది. 2022 జనవరి నుండి జపాను పోస్టు బ్యాంకువారు ఎక్కువ నాణెములు తెచ్చి జమకట్టువారి వద్ద లెక్కింపు రుసుము తీసికొనుట మొదలుపెట్టిరి. చిల్లర పోగగు చిన్న అంగడివానికి ఆ రుసుము భారము. దేవాలయపు హుండీలకు సైతము ఇదే కష్టము. ఐదు యెనులను ‘గో యెన్’ అందురు, అది వారి భాషలో అనుబంధము అను మాటవలె వినబడును గనుక భక్తులు ఆ నాణెమునే వేయుదురు. మన దేశమున 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిచే నేడు కొబ్బరి బొండాలమ్ము వాని బండిపైనను గళ్ల చీటీ అంటించియున్నది. ఈ విషయమున మన బండివాడే ముందున్నాడు. మనిషి లేని అమ్మకమునకు నాణెపు పెట్టె కంటె ఈ గళ్ల చీటీ అనువైనది. పెట్టెను ఎత్తుకొనిపోవచ్చును, చీటీని ఎత్తుకొనిపోయి దొంగ యేమి చేయును? అయితే మీది చీటీపై తన చీటీ అంటించు మోసగాడు గలడు, దానిని ప్రతి ఉదయము చూచుకొనవలెను.

సంఘము వారి అమ్మకపు శాల

బాట ప్రక్క పందిరి ఒక్క రైతుది. దానికి పై మెట్టు సహకార సంఘముల అమ్మకపు శాలలు. జపానులో సేద్యపు సహకార సంఘముల చట్టము 1947లో వచ్చినది. సంఘములు పరపతి, ఎరువులు, భీమా, అమ్మకము అన్నియు చూచును. వానిలో అనేకము స్థానిక రైతుల సరుకునకై ప్రత్యేక శాలలు నడుపుచున్నవి. ఎహిమె రాష్ట్రమున ఇమబారి పట్టణపు సంఘము వారి శాల, అదే రాష్ట్రమున ఉచికొ అను ఊరిలోని కరరి యను శాల పేరుపొందినవి.

అచ్చటి పద్ధతి యిది. ఉదయము తెరువకమునుపే రైతు సరుకు తెచ్చును. వెల తానే నిర్ణయించుకొని, శాలలోని యంత్రముపై తన పేరు, వెల గల చీటీలు అచ్చువేసి సంచులకు అంటించి, అరలో పెట్టి, పొలమునకు పోవును. అమ్మునది సంఘము. మధ్యాహ్నమునకు ఎన్ని సంచులు అమ్ముడుపోయినవో అతని ఫోనునకు వార్త వచ్చును. అర ఖాళీయైనచో మరల కోసి తెచ్చును. సాయంకాలము మిగిలినది అతడే తీసికొని పోవలెను. మరునాడు పాత సరుకు అరలో నుండరాదు. డబ్బు సంఘపు ఖాతాలో పడును. సంఘము పట్టుకొను తరుగు సాధారణముగా నూటికి పదిహేను ప్రాంతము. చీటీపై పేరున్నందున, రుచి మెచ్చిన కొనుగోలుదారుడు మరునాడు ఆ పేరే వెదకును. ఇట్టి శాలలలో సరుకు పెట్టువారిలో వృద్ధ స్త్రీలు విశేషముగా నున్నారు. కుటుంబపు భూమి భర్త పేరున, సంఘ సభ్యత్వము భర్త పేరున నుండిన ఇండ్లలో, తమ పేరు గల బ్యాంకు పుస్తకము తమకు ఇట్టి అమ్మకము చేతనే వచ్చినదని చెప్పిన వారిని చూచితిని. ఈ మాట మన సభ్యులు తమ యిండ్లలో చదివి వినిపింపవలెను.

1999 జనవరి 26న మన రాష్ట్రమున మొదలైన రైతు బజారులు మంచివే. అందు తరుగు లేదు. కాని ధర అధికారి వ్రాసిన పలకపై నుండును, రైతు దినమంతయు తక్కెడ యెదుట కూర్చుండవలెను. ఒక దినపు కూలి అచ్చటనే పోవును. జపాను శాలలో నూటికి పదిహేను ఇచ్చి రైతు తన దినమును కొనుక్కొనుచున్నాడు. ఏది లాభమో ఎవరి సరుకు ఎంత యన్నదానిపై ఆధారపడును: రెండు గంపల బెండకాయలు గలవానికి శాల మేలు, బండెడు గలవానికి బజారు మేలు.

శాలలలో లోపము లేకపోలేదు. ఒకే వారమున ఊరంతయు దోసకాయలు తెచ్చును. పింఛను వచ్చు వృద్ధుడు, కాలక్షేపమునకు పండించినవాడు, 60 యెనులకే చీటీ అంటించును. ప్రక్క అరలో సేద్యముపైననే బ్రదుకు యువకుని 100 యెనుల సంచి కదలదు. వెల నిర్ణయించు స్వాతంత్ర్యము ఒకరికి వరమై మరొకరికి ఉరియగుచున్నది. కొన్ని శాలలవారు ఇంతకు తక్కువకు అమ్మరాదని కనీసపు వెల యేర్పరచిరి. కొందరు విత్తుటకు ముందే కూర్చుండి, ఎవరెప్పుడు ఏ విత్తనము వేయవలెనో పంచుకొందురు. రెండవదే సరియైన మార్గమని నా యభిప్రాయము. అమ్మకపు తగవు నారుమడిలోనే తీరవలెను.

జపానులో వినియోగదారుల సహకారోద్యమమునకు ముఖ్యుడైన తొయొహికొ కగావా 1921లో కోబె నగరమున కొనుగోలు సంఘము స్థాపించెను. అది నేడు కో-ఆప్ కోబె పేరున సాగుచున్నది. ఆయన 1938 డిసెంబరులో మదరాసు చెంత తాంబరమున జరిగిన క్రైస్తవ మహాసభకు వచ్చి, పిమ్మట 1939 జనవరిలో గాంధీగారిని దర్శించెను. మా ఉపాధ్యాయులు ఆయన పేరు చెప్పునప్పుడు మురికివాడలో కాపురమున్న సాధువుగానే చెప్పెడివారు. ఉప్పు, బియ్యపు చిట్టా వ్రాసిన సంఘకర్తగా నేను ఆయనను జపాను వెళ్లిన పిమ్మటనే ఎరిగితిని.

మన సంఘపు ఎరువుల గిడ్డంగి బస్సులు నిలుచు చోటనే యున్నది. దాని వసారాలో నాలుగు అరలు, పేరు వ్రాయు చీటీలు, ఒక లెక్క పుస్తకము, సంఘము ఖాతాకు చెందిన గళ్ల చీటీ యున్నచో ఒక ఋతువు పరీక్షించి చూడవచ్చును. సంచి వెల పది, ఇరువది రూపాయలుగా ఒకే నోటునకు సరిపోవలెను. సాయంకాలము ఆరు గంటలకు మిగిలిన సరుకు ఎవరిది వారు తీసికొనవలెను. తరుగు ఎంత, కనీసపు వెల యెవరు వ్రాయవలెను, సభ్యుడు గాని కౌలుదారుని సరుకు పెట్టనిత్తుమా అను మూడు ప్రశ్నలకు జవాబులు కార్యదర్శిగారికి వ్రాసి పంపినచో, రాబోవు సర్వసభ్య సమావేశపు చర్చలో చేర్తురు. మూడవ ప్రశ్నపై నా మాట ముందుగానే చెప్పుచున్నాను: కౌలుదారుని చీటీపై అతని పేరే యుండవలెను గాని భూస్వామి పేరుండరాదు.